తిన్నాక షుగర్ దిగాలంటే మెగ్నీషియం, క్రోమియం మాత్రలు వాడాలా?

నెల్లూరు కోడలు: మా మామగారికి తిన్న రెండు గంటలకు షుగర్ 220 దాకా వస్తోంది. క్రోమియం, మెగ్నీషియం కలిసిన మాత్రలు వేస్తే ఇన్సులిన్ బాగా పనిచేస్తుందని తెలిసినవాళ్లు చెప్పారు. ఆయన రేపే కొనుక్కొస్తానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. వాడిన వాళ్లు చెప్పండి.

రాగిముద్ద: వాడమనే అంటాను అక్కా. ఇన్సులిన్ రక్తంలో ఉంటే చాలదు, దాని కబురు కణం లోపలికి అందాలి. ఆ పనికి మెగ్నీషియం కావాలి. షుగర్ ఎక్కువైతే మూత్రంలో మెగ్నీషియం పోతుంది, అది తగ్గేకొద్దీ ఇన్సులిన్ ఇంకా సరిగా పనిచేయదు. మా నాన్నకు మాత్రలు మొదలుపెట్టిన మూడు నెలలకు బాగా దిగింది.

ల్యాబ్ మిత్రుడు: తమ్ముడూ, ఆ మూడు నెలల్లో నాన్నగారు అన్నం తగ్గించలేదా? నడక మొదలుపెట్టలేదా? మెగ్నీషియం గురించి నువ్వు చెప్పింది నిజమే, కానీ క్రోమియాన్ని దాంతో కలపొద్దు. ఏళ్ల తరబడి సెలైన్ లాగా నరానికే ఆహారం ఎక్కించుకున్న ఒక రోగికి క్రోమియం ఇచ్చాక షుగర్ కుదురుకుందని 1977లో రాశారు. మామూలుగా భోంచేసేవాళ్ల పరిస్థితి అది కాదు. క్రోమియం మనిషికి తప్పనిసరి అనడానికి నమ్మదగిన ఆధారం లేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2014లో తేల్చింది.

రాగిముద్ద: నాన్న నడక కూడా అప్పుడే మొదలుపెట్టారు, ఒప్పుకుంటాను అన్నా. క్రోమియం వదిలేద్దాం. మెగ్నీషియం లోపం మాత్రం టెస్టులో దొరక్కపోవచ్చు. ఒంట్లో ఉన్నదాంట్లో రక్తంలో ఉండేది ఒక శాతం లోపే. నార్మల్ అని రిపోర్టు వచ్చినా లోపం లేదనలేం.

ల్యాబ్ మిత్రుడు: అందుకని అందరికీ మాత్ర ఇవ్వలేం కదా. కిడ్నీ సరిగా లేకపోతే మెగ్నీషియం ఒంట్లో పేరుకుంటుంది, అది ప్రమాదం. ముందు కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చూడాలి. అక్కా, మామగారు బీపీకి మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర ఏమైనా వాడుతున్నారా? వాటిలో కొన్నింటికి పొటాషియం పడిపోతుంది. అది తగ్గితే ఇన్సులిన్ విడుదలే తగ్గుతుంది.

పెసరట్టు: కంచం సంగతి ఎవరూ అడగలేదేం? బియ్యం తెల్లగా పాలిష్ పట్టేటప్పుడు తవుడుతో పాటు మెగ్నీషియం చాలావరకు పోతుంది. ఒక గరిటె అన్నం తగ్గించి పెసలో, అలసందలో, తోటకూరో పెంచండి. పిండిపదార్థం తగ్గుతుంది, మెగ్నీషియం పెరుగుతుంది. ఈ మార్పుకు నెల రోజులైనా ఇవ్వకుండా మాత్ర కొనడం నాకు నచ్చదు.

నెల్లూరు కోడలు: బీపీకి అలాంటి మాత్రే వాడుతున్నారు, నాలుగేళ్లుగా. పొటాషియం ఒక్కసారి కూడా చూపించలేదు.

ల్యాబ్ మిత్రుడు: దాన్ని మీ అంతట మీరు ఆపకండి అక్కా. క్రియాటినిన్, పొటాషియం, మెగ్నీషియం మూడూ చేయించి, ఆ రిపోర్టులు డాక్టర్‌కి చూపించండి. కొత్త మాత్రలు అప్పటిదాకా కొననివ్వకండి.

నెల్లూరు కోడలు: సోమవారం పొద్దున్నే తీసుకెళ్తాను.