1980 నాటి పోస్ట్-పంక్ కచేరీ క్యాసెట్లు: సౌండ్ మసకగా వస్తోంది

ప్రశ్న: ఇంగ్లండ్ పోస్ట్-పంక్ రాక్ బ్యాండ్ జాయ్ డివిజన్ కచేరీల్లో ప్రేక్షకులు రికార్డ్ చేసిన సీ-90 (90 నిమిషాల) క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. సింబల్స్ (డ్రమ్స్‌లోని తాళాలు) దుప్పటి కప్పి కొట్టినట్టున్నాయి, పిచ్ (శ్రుతి) కూడా ఎక్కువే. టేపు పోయినట్టేనా అండీ?

జవాబు 1: అప్పుడే పారేయకండి. ప్లేయర్‌లో టేపుని చదివే హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అయినా మారకపోతే అజిమత్ (టేపుకి హెడ్ ఆనే కోణం) తేడా. హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న బుల్లి స్క్రూ ఉంటుంది. మోనోలో (రెండు ఛానెళ్లూ కలిపి) వింటూ దాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పండి, పావు చుట్టు దాటొద్దు. సింబల్స్ ఛంగుమన్నచోట ఆపేయండి. టేపు మారిస్తే మళ్లీ ఇదే పని, తప్పదు.

జవాబు 2: ప్లేయర్‌లో డాల్బీ (టేపు బుస తగ్గించే ఏర్పాటు) ఆఫ్‌లో ఉందా? డాల్బీ లేకుండా రికార్డ్ చేసిన టేపుకి డాల్బీ వేస్తే పై స్వరాలు చచ్చిపోతాయి. పిచ్ పెరగడానికి కారణం బహుశా కచేరీలో వాడిన రికార్డర్‌లో బ్యాటరీలు నీరసించడం: అప్పుడు టేపు నెమ్మదిగా నడిచింది, ఇప్పుడు సరైన వేగంతో తిప్పితే పరిగెడుతుంది. 24 బిట్‌లో ఎక్కించాక సాఫ్ట్‌వేర్‌లో వేగం తగ్గించండి.

జవాబు 3: మీది 1980 మే 2, బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ టేపయితే పిచ్‌ని 1981 నాటి జాయ్ డివిజన్ ఆల్బమ్ 'స్టిల్'తో పోల్చుకోండి. వాళ్ల చివరి కచేరీ అయిన ఆ బర్మింగ్‌హామ్ కచేరీ అందులో ఉంది. అన్నట్టు, వాళ్ల తొలి ఆల్బమ్ అట్టమీది గీతలు కొండలు కావు, 1967లో కనిపెట్టిన పల్సార్ (క్రమం తప్పకుండా రేడియో తరంగాలు పంపే నక్షత్రం) సంకేతాలు!