ఇంటి ముందు కాంక్రీటుకి లిక్విడ్ రంగు: వాడినవాళ్లు చెప్పండి

కానూరు_ఇల్లు:
అందరికీ నమస్కారం. గేటు నుంచి మెట్ల దాకా సుమారు 400 చదరపు అడుగుల జాగా. స్టాంపింగ్ కాంక్రీటు (పచ్చిగా ఉండగానే పైన స్టాంపులు నొక్కి డిజైన్ వేసేది) వేయిద్దామని, ఇటుక రంగులో. పొడి ఆక్సైడ్ అయితే గడ్డలు కడుతుంది, లిక్విడ్ తీసుకోండని కొట్టువాడు చెప్పాడు. మా మేస్త్రీ "కట్టకో సీసా పోసేద్దాం సార్" అంటున్నాడు. మూడు సంగతులు కావాలి. సిమెంటు కట్టకి ఎంత పోయాలి? తెల్ల సిమెంటే వాడాలా? పైన సీలర్ (నీళ్లు, మరకలు ఇంకకుండా కొట్టే పూత) కొడితే మా అమ్మ ముగ్గు పెట్టుకోవడానికి కుదురుతుందా?

బ్రాడీపేట_4వలైను:
"కట్టకో సీసా"! ఆ ముక్క చదవగానే ఒళ్లు మండింది. మా మేస్త్రీ కూడా సరిగ్గా ఇదే అన్నాడండీ. రోహిణి కార్తెలో పెట్టుకున్నాం పని, అది మా బుద్ధి తక్కువ. పొద్దున మూడు మిల్లర్లు (మాలు కలిపే మిషన్‌తో మూడు వాయిలు) బాగానే పడ్డాయి. పదకొండు దాటాక మాలు గట్టిపడిపోతోందని కుర్రాడొకడు పైపు తెచ్చి నేరుగా మిల్లర్లోకి నీళ్లు కొట్టాడు. నేను టీ తేవడానికి వెళ్లా, చూడలేదు. ఇప్పుడు గేటు దగ్గర మిర్చి యార్డు ఎరుపు, మెట్ల దగ్గర మజ్జిగలో కారం కలిపినట్టు. వచ్చిన ప్రతివాడూ "రెండుసార్లు వేయించారా?" అని అడుగుతాడు.

ఆటోనగర్_అచ్చులు:
22 ఏళ్లుగా పార్కింగ్ టైల్స్ పోస్తున్నా, నా మాట వినండి. లిక్విడ్ అంటే ఆకాశం నుంచి ఊడిపడిందేం కాదు. అదే ఐరన్ ఆక్సైడ్‌ని నీళ్లలో మెత్తగా నూరి, అడుక్కి దిగకుండా మందు కలిపి డబ్బాకెత్తారు. చాలావాటిలో సగానికి సగం నీళ్లే. లెక్క సిమెంటు బరువు మీదే కట్టాలి, కంకర ఇసుక కలిపి కాదు. 50 కిలోల కట్టకి 3 శాతం అంటే కిలోన్నర పొడి. సగం నీళ్లున్న లిక్విడ్ అయితే మూడు కిలోలు. 5 శాతం దాటాక ఎంత పోసినా రంగు పెద్దగా ఎక్కదు, డబ్బులు దండగ. 10 శాతం దాటకూడదని కాంక్రీటు రంగులకి అమెరికా వాళ్లు పెట్టిన ప్రమాణం ఏఎస్‌టీఎం సి979లోనే ఉంది. ఇక డబ్బా మూత తీయగానే వంపకండి, ముందు నేలమీద బాగా పొర్లించండి. అడుగున ముద్ద ఉండిపోతే మొదటి కట్ట వెలిసిపోయినట్టు, చివరి కట్ట కాఫీ డికాక్షన్‌లా వస్తాయి.

సివిల్_98బ్యాచ్:
అంతా చెప్పి అసలుది వదిలేశారు మాస్టారూ. మూడు కిలోల లిక్విడ్‌లో లీటరున్నర నీళ్లున్నాయి కదా, అవి తగ్గించాలని చెప్పరే? నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 అనుకుంటే కట్టకి 22.5 లీటర్లు. పోయాల్సింది 21. తగ్గించకపోతే 0.48కి పోతుంది. నీళ్లు ఎక్కువైతే రంగు పాలిపోతుంది. బ్రాడీపేట గారి మెట్ల దగ్గర జరిగింది అదే.

ఆటోనగర్_అచ్చులు:
లీటరున్నరకి ఇంత గోలా! సార్, మీ ఇసుక తడి లెక్కేశారా? కట్టకి 75 కిలోల ఇసుక, అందులో 5 శాతం తడి ఉంటే మూడుంముప్పావు లీటర్లు అక్కడే ఉన్నాయి. అది వదిలేసి డబ్బాలో నీళ్లు కొలుస్తారా?

సివిల్_98బ్యాచ్:
అది వదిలెయ్యమని ఎవరన్నారు? రెండూ తీసెయ్యాలి. మీ లెక్క ప్రకారమే ఐదుంపావు లీటర్లు అదనం. మీరు నా వాదననే బలపరుస్తున్నారు, గమనించారా.

ఆటోనగర్_అచ్చులు:
కాయితం మీద మాలు కలిపేవాళ్లకి అలాగే ఉంటుంది. ఒకరోజు వచ్చి వైబ్రేటర్ బల్ల దగ్గర నిలబడండి, తెలుస్తుంది.

సివిల్_98బ్యాచ్:
వచ్చా, చూశా. మీ దగ్గరని కాదు, ఆ వరసలోనే ఒకచోట. ఒకే లాట్‌లో నాలుగు రకాల ఎరుపు.

గచ్చు_మనవరాలు:
మీరిద్దరూ కొట్టుకోండి గానీ, మా అమ్మమ్మ గారింట్లో ఎర్ర గచ్చు గుర్తొచ్చింది. లిక్విడ్ లేదు, త్రాసు లేదు. రెడ్ ఆక్సైడ్, సిమెంటు, తాపీ, మేస్త్రీ మోచేతి బలం. ఏటా సంక్రాంతికి కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవాళ్లు. బోర్లా పడుకుంటే ముఖం కనిపించేది. ఎండాకాలం దానిమీద చాప కూడా వేసుకునేవాళ్లం కాదు.

బ్రాడీపేట_4వలైను:
అమ్మమ్మ గచ్చు పైపైన పల్చటి పొరండీ, అదీ ఇంట్లో నీడన. మాది కారు ఎక్కే చోటు.

గచ్చు_మనవరాలు:
పల్చటిదే, అరవై ఏళ్లుంది. మీది ఎన్నాళ్లయింది?

సింగ్‌నగర్_వాసి:
2024 సెప్టెంబర్ బుడమేరు నీళ్లలో మా ఇల్లు రోజుల తరబడి ఉంది. గదిలో నేలకి కొట్టిన పెయింటు అప్పడాల్లా లేచిపోయింది. వరండాలో మాలులోనే కలిపి పోసిన రంగు చెక్కుచెదరలేదు. కానీ నీళ్లు తీశాక తెల్లగా బూజు పట్టినట్టు తేలింది. రంగు పోయిందనుకుని బాత్రూం యాసిడ్ పోసి బ్రష్షుతో రుద్దా. తెలుపు పోయింది. దాంతోపాటు పైన సిమెంటూ పోయి ఇసుక తేలింది. ఇప్పుడు చెప్పుల్లేకుండా నడిస్తే కాళ్లు గీరుకుపోతున్నాయి.

సివిల్_98బ్యాచ్:
అయ్యో. అది బూజు కాదండీ, సున్నం. సిమెంటులోని సున్నం తడితో పైకొచ్చి గాలి తగిలి గట్టిపడుతుంది. అడుగున రంగు అలాగే ఉంటుంది. కొంచెం నీళ్లు చల్లి చూస్తే ఎరుపు మళ్లీ కనపడేది, అప్పుడే తెలిసిపోయేది. యాసిడ్ సున్నాన్నీ సిమెంటునీ వేరుచేసి చూడదు.

పటమట_డాబా:
మేడ మీద నీలం వేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పెయింటు కొట్లో చిన్న స్టెయినర్ సీసాలు పది తెచ్చి కలిపించా. రెండు వేసవులకి ఆకాశమూ లేదు, నీలమూ లేదు, బూడిద మిగిలింది.

ఆటోనగర్_అచ్చులు:
స్టెయినర్ గోడ పెయింటు కోసం మేడమ్. అందులో కొన్ని రంగులు సిమెంటు ఘాటుకి, ఎండకి నిలబడవు. ఎరుపు, నలుపు, పసుపు, బ్రౌన్ ఐరన్ ఆక్సైడ్‌వి, ఢోకా లేదు. పచ్చకి క్రోమియం ఆక్సైడ్. నీలం నిలవాలంటే కోబాల్ట్, దాని రేటు వింటే మీరే వద్దంటారు. ఇందాక నాలుగు రకాల ఎరుపు అన్న సార్‌కి కూడా చెప్తున్నా: సిమెంటు లాట్ మారితే రంగు మారుతుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిద కలిసిన పీపీసీ సిమెంటు ఒకసారి లేతగా, ఒకసారి నల్లగా వస్తుంది. అది నా తప్పా?

సివిల్_98బ్యాచ్:
లాట్ చూసి కొనకపోవడం ఎవరి తప్పండీ మరి?

పటమట_డాబా:
మళ్లీ మొదలు. కానూరు గారి ప్రశ్నలకి ఎవరైనా జవాబు చెప్పారా అసలు? ఇటుక రంగుకి మామూలు సిమెంటు చాలండీ. తెల్ల సిమెంటు పసుపుకీ లేత రంగులకీ. మామూలు దాంట్లో పసుపు కలిపితే ఆవు పేడ రంగొస్తుంది, మా చెల్లెలు వాళ్లింట్లో చూశా. పని మొత్తానికి సరిపడా కట్టలు ఒకే లాట్‌లో ఒకేసారి దింపించుకోండి. గోనె సంచులు కప్పి తడపనివ్వకండి, సంచి అచ్చులాగే మరకలు పడతాయి. సీలర్ మీద ముగ్గు నిలుస్తుంది గానీ కళ్లాపి చల్లారో, జారతారు. అమ్మగారు జాగ్రత్త.

కానూరు_ఇల్లు:
అందరికీ థాంక్స్. మేస్త్రీ ముందు వంటింటి త్రాసు పెట్టి తూకమేస్తే "బంగారమా సార్ ఇది" అని నవ్వాడు. రెండడుగుల నమూనా పలక పోశాం, కట్టకి మూడు కిలోల లెక్కనే, నీళ్లు తగ్గించి. పచ్చిగా ఉన్నప్పుడు మరీ ముదురుగా కనిపించి భయపడ్డా. నిన్నటికి తేలిపోయి ఇటుక రంగుకి దగ్గరగా వచ్చింది. పూర్తిగా ఆరాక చూస్తా. ఒక్కటే గొడవ, పోసిన రాత్రే వీధి కుక్క దానిమీద అడ్డంగా నడిచిపోయింది. అడుగులు నాలుగు స్పష్టంగా పడ్డాయి. అమ్మ చూసి "ఈ డిజైనే బాగుంది, స్టాంపులకి డబ్బులెందుకు తగలేస్తావు" అంటోంది.