జవాబు: జర్మనీలో మొదటి పేపర్, ఓపెన్ యాక్సెస్‌కి ఇవ్వాలా వద్దా?

చెల్లీ, నీ మెయిల్ రెండుసార్లు చదివాను. వచ్చిన ఆరు నెలలకే పేపర్ సిద్ధం చేశావంటే చాలా సంతోషంగా ఉంది. జర్నల్ సైటులో ఓపెన్ యాక్సెస్‌కి, అంటే ఎవరైనా నెట్‌లో ఉచితంగా చదువుకునేలా పేపర్ వేయడానికి, మూడు వేల యూరోలు అని చూసి నీకు టెన్షన్ పట్టుకోవడం సహజమే. మన నెల జీతం కంటే ఎక్కువ కదా.

నాకంటే ముందు నీకు జవాబిచ్చిన అన్నయ్యగారు "డబ్బు కట్టడం దండగ, మామూలుగా వేయించుకో" అన్నారు, అంటే చదివేవాళ్లే డబ్బు కట్టే పద్ధతిలో. ఆయన చదువుకున్న రోజుల్లో అది మంచి సలహానే. ఇప్పుడు ఇక్కడి పద్ధతి మారింది. జర్మనీ విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు కలిసి పెద్ద ప్రచురణ సంస్థలతో 'డీల్' (DEAL) అనే ఉమ్మడి ఒప్పందాలు కుదుర్చుకున్నాయి: వైలీతో 2019లో, స్ప్రింగర్ నేచర్‌తో 2020లో, ఎల్సెవియర్‌తో 2023లో. నీ యూనివర్సిటీ అందులో ఉంటే, ఒప్పందం కిందికి వచ్చే జర్నల్‌లో నీ పేపర్ ఓపెన్ యాక్సెస్‌గా వస్తుంది, బిల్లు నీ దాకా రాదు. కానీ ఇది కరెస్పాండింగ్ ఆథర్, అంటే పేపర్ తరఫున జర్నల్‌తో మాట్లాడే రచయిత, ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లోని మీ పాత గైడ్‌గారిని ఆ స్థానంలో పెడితే ఈ సౌకర్యం పోతుంది. ఆ మాట సబ్మిట్ చేయకముందే తేల్చుకోవాలి. సబ్మిట్ చేసేటప్పుడు జీమెయిల్ కాకుండా యూనివర్సిటీ మెయిలే ఇవ్వు, అర్హత చూసేటప్పుడు అది పనికొస్తుంది.

నేచర్ లాంటి జర్నల్ సంగతి వేరు. 2020 నవంబరులో వాళ్లు ప్రకటించిన రుసుము 9,500 యూరోలు. అలాంటి చోట ఖర్చు సంగతి నీ యూనివర్సిటీ లైబ్రరీని విడిగా అడగాలి.

నేను ఇంత పట్టుగా చెప్పడానికి ఒక కారణం ఉంది. నా మొదటి పేపర్ వచ్చినప్పుడు, హక్కులు ప్రచురణకర్తకి రాసిచ్చే కాపీరైట్ ఫారం చదవకుండానే సంతకం పెట్టేశాను. నెల తిరిగేసరికి శ్రీకాకుళంలో డిగ్రీలో నాకు కెమిస్ట్రీ చెప్పిన మాస్టారు ఫోన్ చేశారు. "అమ్మా, నీ పేపర్ తెరుద్దామంటే డాలర్లు కట్టమంటోంది" అన్నారు. నాకు ల్యాబ్‌లో పిపెట్ పట్టుకోవడం నేర్పిన మనిషి ఆయన. ఆ రోజు పడిన బాధ నాకింకా గుర్తుంది. 2025 నుంచి మన దేశంలో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' వచ్చింది, అంటే జర్నళ్లకి ప్రభుత్వమే అందరి తరఫునా చందా కట్టే పథకం, చాలా మంచి పని. అయితే అది ప్రభుత్వ విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకు ఉద్దేశించింది. మా మాస్టారిలా ప్రైవేట్ కాలేజీలో పాఠం చెప్పేవాళ్లు, రిటైరైనవాళ్లు బయటే ఉండిపోతారు.

లైబ్రరీ కుదరదంటే? అప్పుడూ జేబులోంచి తీయొద్దు. జర్మన్ కాపీరైట్ చట్టం 38వ సెక్షన్‌లో 2014 నుంచి ఒక హక్కు ఉంది. ఖర్చులో కనీసం సగం ప్రభుత్వ నిధులతో నడిచిన పరిశోధన ప్రాజెక్టు అయితే, ఏడాదికి రెండు సార్లయినా వెలువడే పత్రికలో వచ్చిన పేపర్‌ని 12 నెలల తర్వాత ఉచితంగా నెట్‌లో పెట్టుకోవచ్చు. పెట్టాల్సింది జర్నల్ అచ్చు వేసిన పీడీఎఫ్ కాదు, తోటి నిపుణుల రివ్యూ అయ్యాక ఆమోదం పొందిన నీ సొంత ప్రతి. మొదట ఎక్కడ అచ్చయిందో రాయాలి, వ్యాపారానికి వాడకూడదు. ఫారంలో ప్రచురణకర్త ఏం రాయించుకున్నా ఈ హక్కు పోదు. అందుకే ఆ ఆమోదిత వర్డ్ ఫైల్‌ని భద్రంగా దాచుకో. ఏడాది తర్వాత చాలామందికి అదే దొరకదు.

లైసెన్స్ దగ్గర తొందరపడకు. నీ పేపర్‌ని ఇతరులు ఎలా వాడుకోవచ్చో చెప్పేది అదే. సీసీ బై (క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌లలో ఒకటి) ఇస్తే నీ పేరు చెప్పి ఎవరైనా పంచుకోవచ్చు, తెలుగులోకి అనువదించి పెట్టుకోవచ్చు కూడా. చివర ఎన్‌డీ (మార్పులు చేసి పంచకూడదు అని) ఉన్న లైసెన్స్ తీసుకుంటే ఆ అనువాదాన్ని నిన్ను అడగకుండా బయటపెట్టడానికి వీల్లేదు. నేను సీసీ బై వైపే ఉంటాను.

నీ ఇన్‌బాక్స్‌కి "గౌరవనీయులైన డాక్టర్ గారూ, మీ విలువైన పరిశోధనను వారంలో ప్రచురిస్తాం" అనే మెయిళ్లు మొదలయ్యే ఉంటాయి. వాటికి జవాబివ్వకు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన ఒక సంస్థ మీద 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది, సరైన రివ్యూ లేకుండానే వేస్తూ, రుసుముల సంగతి దాచినందుకు. ఓపెన్ యాక్సెస్ అని రాసుకున్న ప్రతి జర్నల్ మంచిది కాదు. మంచి ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల పేర్లుండే డీఓఏజే (DOAJ) జాబితాలో ఉందో లేదో చూడు, సంపాదకవర్గంలో నువ్వు చదివిన పేర్లు ఉన్నాయో చూడు.

ప్రొఫెసర్‌ని డబ్బుల సంగతి ఎలా అడగాలా అని మొహమాటపడుతున్నావు. ఇక్కడ అది తప్పుగా తీసుకోరు. "ఏ జర్నల్, ఏ లైసెన్స్, ఖర్చు ఎవరిది" అని సూటిగా అడుగు. ఈ పేపర్‌నే థీసిస్‌లో పెట్టుకునేట్టయితే అది కూడా ఇప్పుడే చెప్పు.

లైబ్రరీకి రాసేటప్పుడు జర్నల్ పేరు, ప్రచురణకర్త, కరెస్పాండింగ్ ఆథర్ ఎవరు, ప్రాజెక్టుకి నిధులు ఎక్కడివి, ఈ నాలుగూ రాయి. కాపీరైట్ ఫారం వచ్చాక సంతకం పెట్టకముందు నాకు పంపమ్మా, ఇద్దరం కలిసి చదువుదాం.