ఎండెక్కితే బిగుసుకుపోతున్న క్లీట్లు, తిరగని కప్పీలు: చిన్న తెరచాప పడవకు గ్రీజు పెట్టవచ్చునా?

ప్రశ్న (లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం)

మిత్రులకు నమస్కారం. ఇద్దరు ముగ్గురు నడపగలిగే చిన్న తెరచాప పడవ మాకు ఉంది. దానిని ఒడ్డునే కవరు కప్పి ఉంచుతాము. ఈ వేసవి మొదలైనప్పటి నుంచి పెద్ద తెరచాపను అదుపు చేసే మెయిన్‌షీట్ తాడును పట్టి ఉంచే క్యామ్ క్లీట్ దవడలు సరిగా మూసుకోవడం లేదు. ఒక్కొక్కసారి తాడును విడిపించబోతే విడవదు. ముందుండే చిన్న తెరచాప తాడు, అంటే జిబ్ షీట్, వెళ్లే కప్పీలలో ఒకటి అసలు తిరగక, తాడు దానిపై రాసుకుంటూ పోతున్నది. తాడును చుట్టి లాగే డ్రమ్ము, అంటే వించ్, బరువుగా తిరగడమే కాక, దానిలోంచి వచ్చే టకటక శబ్దం కూడా తగ్గింది. విచిత్రమేమంటే ఉదయం బయలుదేరేటప్పుడు అన్నీ కొంత నయంగానే ఉండి, మధ్యాహ్నానికి మొరాయిస్తున్నాయి. తుప్పు వదిలించే స్ప్రే కొడితే కొద్ది రోజులు బాగుండి మళ్లీ మొదటికే వస్తున్నది. మాకు తెలిసిన కార్ల మెకానిక్ ఒకరు చక్రాల బేరింగులకు వాడే గ్రీజును అన్నింటిలోనూ దట్టించమంటున్నారు. అలా చేయవచ్చునా, లేక వీటిని మార్చడమే మేలా?

మొదటి సమాధానం

దయచేసి గ్రీజు దట్టించకండి. ఉదయం నయంగా ఉండి మధ్యాహ్నం బిగుసుకుంటున్నదన్న మీ మాటలోనే కారణం ఉంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది కనుక అది అంతకంటే తక్కువ తేమకే చెమ్మగిల్లుతుంది. మన తీరంలో రాత్రంతా మెత్తగా ఉన్న ఆ ఉప్పు, ఎండెక్కి లోహం వేడెక్కగానే బేరింగు గుండ్ల మధ్య తిరిగి పలుకులు కడుతుంది. దానికి తోడు ఓడరేవు వైపు నుంచి వచ్చే బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము ఒకటి. పాత నగరంలో మేడ మీద బట్టలు ఆరేసిన వారికి దాని సంగతి చెప్పనక్కరలేదు. గ్రీజు ఉప్పును కడగదు సరికదా, ఆ దుమ్మును పట్టి ఉంచుతుంది.

ఈదురుగాలి వచ్చిన క్షణాన మెయిన్‌షీట్ విడవకపోతే చిన్న పడవ బోల్తా పడగలదు కాబట్టి ముందుగా ఆ క్లీట్ చూడండి. తాడును పూర్తిగా తీసివేసి దవడలను వేలితో తెరిచి వదలండి. రెండూ ఒకేలా చటుక్కున మూసుకుంటే దోషం క్లీట్‌ది కాదు, తాడుది. ఒకటి నెమ్మదిగా కదిలితే గోరువెచ్చని మంచినీటిలో కొద్దిగా గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపి, పాత పళ్ల బ్రష్షుతో రుద్దుతూ దవడలను పలుమార్లు కదిలించి, చివరకు ధారగా నీరు పోయండి. బీచికి దగ్గరలోని బోరు నీరు ఉప్పగా ఉంటే దానితో కడిగి ప్రయోజనం లేదు, కుళాయి నీరే వాడండి. కడిగిన తరువాత కూడా దవడ వాలిపోయి ఉంటే లోపలి స్ప్రింగు విరిగి ఉంటుంది. విప్పేటప్పుడు కుడి ఎడమల స్ప్రింగులు వేరువేరని గుర్తుంచుకుని ఫొటో తీసి పెట్టుకోండి. దవడల పళ్లు అరిగి నున్నబడితే మాత్రం ఎంత కడిగినా తాడు జారుతూనే ఉంటుంది. అప్పుడు కొత్తది వేయవలసిందే.

కప్పీలకూ ఇదే పద్ధతి. ప్లాస్టిక్ గుండ్లున్న కప్పీలు పొడిగా తిరగడానికే తయారైనవి, వాటికి నూనె కూడా అక్కరలేదు. కడిగి ఆరిన తరువాత కావాలంటే పొడి సిలికాన్ స్ప్రే పలుచగా కొట్టవచ్చును.

రెండవ సమాధానం

పై మిత్రులు చెప్పినది క్లీట్లకు, కప్పీలకు సరిపోతుంది. వించ్ విషయం వేరు. అక్కడ గ్రీజు కావాలి, అయితే ఎక్కడ పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో తెలిసి పెట్టాలి. శబ్దం తగ్గిందంటే డ్రమ్మును వెనక్కు తిరగనివ్వని, లోపలి పాల్ అనే చిన్న మీటలలో ఒకటి తన గూటిలో అతుక్కుపోయి బయటకు రావడం లేదని నా అనుమానం. మిగిలినది కూడా జారితే బరువు మీద ఉన్న వించ్ వెనక్కు తిరుగుతుంది. హ్యాండిల్ అందులోనే ఉంటే మణికట్టు విరగవచ్చును. అందుచేత ఇది తేలేవరకు వించ్ మీద ఎక్కువ బరువు వేయకండి.

అట్టపెట్టె అడుగున డ్రమ్ము పట్టేంత రంధ్రం కోసి, వించ్ చుట్టూ తొడిగి, ఆ తరువాతే విప్పండి. ఎగిరిపోయే స్ప్రింగులు పెట్టెలోనే పడతాయి. లోహపు భాగాలను కిరోసిన్‌లో నానబెట్టి పాత గ్రీజు పూర్తిగా తుడిచివేయండి. పళ్లచక్రాలకు, రోలర్లకు వించ్ గ్రీజును వేలిముద్ర పడేంత పలుచగా రాయండి. పాల్‌లకు, వాటి స్ప్రింగులకు మాత్రం గ్రీజు అసలు తగలనివ్వకుండా పలుచని కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేయండి. గ్రీజు చిక్కబడితే ఆ బలహీనమైన స్ప్రింగు మీటను బయటకు నెట్టలేదు. పాల్ అంచు గుండ్రంగా అరిగి ఉంటే మార్చండి. బిగించిన తరువాత డ్రమ్మును చేత్తో తిప్పితే టకటకమని సమంగా వినిపించాలి, వెనక్కు తిప్పబోతే ఆగిపోవాలి.

మూడవ సమాధానం

ఒక చిన్న చేర్పు. అల్యూమినియంలో బిగించిన స్టెయిన్‌లెస్ మరలు ఉప్పునీటి వల్ల తెల్లని పొడి పట్టి కరుచుకుపోతాయి. వాటిని బలవంతంగా తిప్పితే తల అరిగి పని రెట్టింపవుతుంది. చొచ్చుకుపోయే నూనె వేసి రాత్రంతా వదిలి, మరునాడు హాట్ ఎయిర్ గన్‌తో కొద్దిగా వేడి చేసి తిప్పండి. తిరిగి బిగించేటప్పుడు మర చుట్లకు లానొలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) పూయడం మంచిది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. తాడు తీసి చూస్తే మెయిన్‌షీట్ క్లీట్ దవడలు రెండూ చక్కగానే మూసుకుంటున్నాయి. తాడు మాత్రం గట్టిపడి, పైపొర నూగు లేచి లావుగా కనిపిస్తున్నది. జిబ్ కప్పీ కడగగానే తిరిగింది. వించ్ ఈ ఆదివారం విప్పుతాము. తాడును ఉతకవచ్చునా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఉతకవచ్చును. బకెట్టు మంచినీటిలో రాత్రంతా నానబెట్టి, మెత్తని సబ్బుతో ఉతికి, ఉప్పదనం పోయేదాకా నీరు మార్చి నీడలో ఆరేయండి. బ్లీచింగ్ కలిసిన పొడి వాడకండి. ఆరిన తరువాత దాని మందాన్ని కొలిచి, క్లీట్ మీద గాని దాని వివరాలలో గాని ఇచ్చిన గరిష్ఠ మందంతో పోల్చి చూడండి. 10 మిల్లీమీటర్లకు చేసిన క్లీట్‌లో 12 మిల్లీమీటర్ల తాడు ఇరుక్కోవడం సహజమే. నూగు లేచిన భాగం ఎప్పుడూ క్లీట్ దగ్గరే పడుతుంటే తాడును తిరగేసి, ఆ కొనను ఈ కొనగా కట్టుకుంటే ఇంకొంతకాలం పనికి వస్తుంది.