కుటుంబ ప్రార్థనలో మెనోనైట్ పుస్తకాలు చదవొచ్చా?

రాజాం టీచరమ్మ
అందరికీ వందనాలు. మా ఇంట్లో రాత్రి అన్నాలయ్యాక కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఒక కీర్తన, ఒక అధ్యాయం, ఆ తర్వాత ఏదైనా పుస్తకంలో రెండు పేజీలు. సంఘపెద్ద ఒకాయన మెనోనైట్లనే క్రైస్తవ శాఖవాళ్ళ పుస్తకాలు నాలుగు ఇచ్చారు. ఇంగ్లీషువి, నేనే తెలుగు చేసి చెబుతున్నాను. మొన్న డిర్క్ విల్లెమ్స్ కథ వచ్చింది. హాలండ్‌లో, 1569. పెద్దయ్యాక మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నాడని జైల్లో పెడితే, గుడ్డలు ముడేసుకుని తాడు పట్టుకుని దిగి పారిపోతాడు. గడ్డకట్టిన నీళ్ళు దాటేస్తాడు. వెంటపడినవాడు మంచు విరిగి మునిగిపోతుంటే వెనక్కొచ్చి లాగుతాడు. అలా దొరికిపోయి, మంటల్లో చనిపోతాడు.

పలచటి మంచంటే మా చిన్నదానికి అర్థం కాలేదు. పాలగిన్నె తెచ్చి మీగడ మీద వేలు పెట్టమన్నాను. వేలు దిగిపోగానే "అమ్మో, అతను వెనక్కి ఎందుకొచ్చాడమ్మా?" అంది. ఆ రాత్రి చాలాసేపు నిద్రపోలేదు. పదేళ్ళలోపు పిల్లలకు ఇలాంటివి చదవొచ్చా? మీ ఇళ్ళలో ఏం చదువుతున్నారు?

బొబ్బిలి బ్రదర్
మనవి కెనడియన్ బాప్టిస్టు మిషన్ పెట్టిన సంఘాలు. మెనోనైట్లతో మనకేం పని?

వంశధార
వద్దు టీచరమ్మ గారూ. ఆ కథ నేనూ చదివాను. గాలి ఎదురు కొట్టి మంట పైకి రాక అతను చాలాసేపు యాతన పడ్డాడని, డెబ్బైసార్లకు పైగా దేవుణ్ణి పిలిచాడని ఉంటుంది. చిన్నపిల్లలకు ఇదా చెప్పడం? పిల్లలకు భయం పుడితే ప్రార్థనంటేనే పారిపోతారు.

విజయనగరంలో పాలమూరు
బొబ్బిలి బ్రదర్, నేను పుట్టింది మహబూబ్‌నగర్ మెనోనైట్ బ్రెదరెన్ కుటుంబంలో. ఉద్యోగరీత్యా విజయనగరంలో ఉన్నాను. 1889లో రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు వచ్చి నల్గొండలో పని మొదలుపెట్టింది బాప్టిస్టులతో కలిసే. పసిబిడ్డలకు కాదు, నమ్మి ఒప్పుకున్నవాళ్ళకే బాప్తిస్మం అని మీరూ అంటారు, మేమూ అంటాం. 1525లో జ్యూరిక్‌లో ఆ మాట అన్నందుకే 1527 నుంచి మా పూర్వులను నీళ్ళలో ముంచి చంపారు. మెన్నో సైమన్స్ 1536లో కాథలిక్ గురుత్వం వదిలి వాళ్ళలో చేరాడు, అందుకే మాకు ఆ పేరు. పరాయివాళ్ళం కాము.

పాత కీర్తన
హాలండ్ దాకా ఎందుకమ్మా? పర్లాకిమిడి పక్కనే ఉంది, ఆ వైపువారే అయిన పురుషోత్తమ చౌదరి గారి క్రైస్తవ కీర్తనలు ఉన్నాయి. జాషువా గారి క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రోజుకో పద్యం చదివించండి. తెలుగు కూడా వస్తుంది.

రాజాం టీచరమ్మ
జాషువా గారి పద్యాలు చదివాను బాబాయి గారూ, నాకు ప్రాణం. కానీ పద్యానికి అర్థం చెప్పేలోపు మా పిల్లలు చాప మీదే నిద్రపోతున్నారు. కథయితే కూర్చుంటారు.

సాలూరు సిస్టర్
యాత్రికుని ప్రయాణం పుస్తకం పెద్ద అక్షరాల ప్రతి ఎక్కడైనా దొరుకుతుందా? మా అమ్మకి చూపు తగ్గింది.

వంశధార
మళ్ళీ చెబుతున్నాను, కాల్చడాలు, ముంచడాలు పిల్లలకు వద్దు. దావీదు, యోసేపు లేరా?

రాజాం టీచరమ్మ
దావీదు గొల్యాతు తల నరికాడు కదండీ. ఆ బొమ్మ సండే స్కూల్లో గోడ మీదే ఉంది. ఏ పిల్లా భయపడలేదు.

వంశధార
దావీదు యుద్ధంలో చంపాడు. తన జనం కోసం. అది వేరు.

విజయనగరంలో పాలమూరు
అన్నా, క్షమించండి. పిల్లల భయం అంటూనే ఉన్నారు, కానీ మీకు అభ్యంతరం మంటల గురించి కాదనిపిస్తోంది. మెనోనైట్లు ఆయుధం పట్టరు, సైన్యంలో చేరరు. మీకు నచ్చనిది అదేనేమో.

వంశధార
అవును, అదే! చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. మా పెద్దోడు ఆర్మీలో ఉన్నాడు. మా వీధిలోనే ఐదుగురు పిల్లలు వెళ్ళారు. తెల్లారకముందే లేచి రోడ్డు మీద పరిగెత్తి, రెండుసార్లు తప్పి మూడోసారి సెలెక్ట్ అయ్యాడు. వాడు ట్రైనింగుకు వెళ్ళిన వారమే, మా ఇంట్లోనే జరిగిన ప్రార్థనలో ఒక పెద్ద "కత్తి పట్టుకొనువారందరు కత్తిచేతనే నశింతురు" అన్న వాక్యం తీసి చెప్పాడు. మా ఆవిడ ముందే! రెండు రోజులు ముద్ద ముట్టలేదు. ఆయన చేతిలో ఉన్నది ఇలాంటి పుస్తకమే. ఇప్పుడు మీరు నా మనవల తోటి పిల్లలకు అదే నేర్పుతారు. రేపు వాళ్ళు మావాణ్ణి పాపిని చూసినట్టు చూడాలా? సైనికులు వచ్చి అడిగితే బాప్తిస్మమిచ్చు యోహాను ఉద్యోగం మానమన్నాడా? మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. దేవుడు మెచ్చిన కొర్నేలీ కూడా రోమా సైన్యంలో శతాధిపతే కదా!

బొబ్బిలి బ్రదర్
కరెక్టుగా అడిగారు.

విజయనగరంలో పాలమూరు
అన్నా, ఆ పెద్ద చేసింది తప్పు. తల్లి ముందు ఆ వాక్యం తీయడం క్రూరం. దానికి మా పుస్తకం సమర్థన కాకూడదు. కానీ నా నమ్మకం కూడా దాచలేను. శత్రువును ప్రేమించమన్న మాటను మావాళ్ళు మాట వరకే ఉంచలేదు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికాలోని మెనోనైట్ కుర్రాళ్ళు చాలామంది తుపాకీ పట్టబోమన్నారు, కానీ ఊరికే కూర్చోలేదు. మానసిక రోగుల ఆసుపత్రుల్లో సేవ చేశారు, అడవి మంటలు ఆర్పారు. అది పిరికితనం కాదని మా పిల్లలకు చెబుతాను. మీ అబ్బాయి పాపి అని మాత్రం ఎప్పటికీ చెప్పను.

పాత కీర్తన
ఇంతసేపూ మీగడ గురించి వాదించుకున్నాం.

రాజాం టీచరమ్మ
వంశధార గారూ, మీ అబ్బాయి సంగతి నాకు తెలియదు. తెలిస్తే ఇంకోలా అడిగేదాన్ని. మా తమ్ముడు కూడా సీఆర్పీఎఫ్‌లో ఉన్నాడు. ఆ కథ చదివినప్పుడు నాకు సైన్యం గుర్తే రాలేదు, నీళ్ళలో పడ్డవాడే కనిపించాడు. వాడూ డ్యూటీ మీద వెంటపడినవాడే కదండీ. డిర్క్ చెయ్యి అందించింది అతనికే. తనను కాపాడినవాణ్ణి పట్టుకోలేనని అతను అంటే, పైనున్న అధికారే బలవంతంగా పట్టించాడని ఉంది.

వంశధార
వెంటపడినవాడు అలా అన్నాడా? నేను ఆ ముక్క గమనించలేదు. ఆ పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టండమ్మా. ఒప్పుకున్నానని కాదు. ఆదివారం మావాడు ఫోన్ చేస్తాడు, వాడికి చదివి వినిపిస్తాను. వాడేమంటాడో వచ్చి రాస్తాను.