జాన్ వెటన్‌లా బేస్ వాయిస్తూనే పాడటం ఎలా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. ఎనిమిది నెలలుగా బేస్ గిటార్ నేర్చుకుంటున్నాను, దానికి కారణం ఒక్క మనిషి, జాన్ వెటన్. 1949లో ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో పుట్టి బోర్న్‌మత్‌లో పెరిగాడు. అన్నయ్య చర్చి సంగీతం సాధన చేస్తుంటే పక్కన కూర్చుని పియానో మీద కింది స్వరాలు వాయించేవాడట, బేస్ మీద ఇష్టం అక్కడే మొదలైందంటారు. 1972 నుంచి 74 దాకా కింగ్ క్రిమ్సన్ అనే రాక్ బ్యాండ్‌లో, తర్వాత యూకే అనే బ్యాండ్‌లో ఉన్నాడు, 1982లో ఏషియా అనే బ్యాండ్‌తో దాని మొదటి ఆల్బమ్. 2017 జనవరిలో క్యాన్సర్‌తో పోయాడు, నేను ఆయన పాట మొదటిసారి విన్నది ఆ తర్వాతే, అదే నా బాధ.

నా సమస్య ఇదీ. కింగ్ క్రిమ్సన్ 'రెడ్' ఆల్బమ్‌లో 'స్టార్‌లెస్' పాట మధ్యలో 13 లెక్కలో తిరిగే బేస్ ముక్క ఉంటుంది, అక్కడ పాట లేదు కాబట్టి నెమ్మదిగానైనా వాయించేస్తున్నాను. కానీ పాడుతూ వాయించాల్సిన చోట, గొంతు విప్పగానే కుడిచేతి చూపుడువేలు తీగ మీదే ఆగిపోతోంది, లేదంటే పాటలోని మాటల వెంట పరిగెడుతోంది. ఆయనేమో అంత బరువైన బేస్ వాయిస్తూ ఊపిరి చెదరకుండా పాడతాడు.

ముందు చేతికి పూర్తిగా అలవాటయ్యాక పాడాలా, లేక మొదటి రోజు నుంచే రెండూ కలిపి చేయాలా? మెట్రోనోమ్ (తాళం లెక్క కొట్టే పరికరం) ఎంత వేగంతో మొదలుపెట్టారు? ఏషియా పాటల్లో తేలికైనదేదో కూడా చెప్పండి, ఈ వారమే మొదలుపెడతాను.