గండికోట లోయ అంచుదాకా కార్లు, టెంట్లు రానివ్వాలా? కోట గుమ్మం బయటే ఆపాలా?

పెన్నగట్టు (కడప):
పోయిన ఆదివారం సూర్యోదయం చూద్దామని ఇంటిల్లిపాదీ నాలుగున్నరకే బయలుదేరి గండికోటకు పోయినాం. జుమ్మా మసీదు, ధాన్యాగారం దాటి లోయ అంచుకు చేరితే బండల సందుల్లో అంతా బీరుసీసా పెంకులు. చెప్పు తెగి ఒట్టి కాళ్లతో నడుస్తున్న మా పాపను ఎత్తుకోవాల్సి వచ్చింది. పక్కన ఎవరో వేసిన చలిమంటకు ఎర్రరాయి మసిబారి, పెచ్చు లేచిపోయింది. పెన్న ఎన్ని యుగాలు కోస్తేనో ఏర్పడిన గండి అది!

కేంద్రం 2024లో గండికోట అభివృద్ధికి 77.91 కోట్లు మంజూరు చేసింది. సంతోషమే, జనం ఇంకా వస్తారు. అందుకే ఇప్పుడే అడుగుతున్నా. కార్లు గుమ్మం బయట ఆగాలి, అంచున రాత్రి టెంట్లు వద్దు. మీరేమంటారు?

టెంటు తమ్ముడు (జమ్మలమడుగు):
అన్నా, నేను టెంట్లు వేసేవాణ్ణే. బెంగళూరులో ఉద్యోగం వదిలి వచ్చినా. మార్చి దాటితే ఆ రాళ్ల మీద కూర్చోలేరు, కాబట్టి మాకు చలికాలం శని, ఆదివారాలే ఆదాయం. మా దగ్గర దిగినవాళ్ల చెత్త పొద్దున్నే మేమే ఏరి సంచుల్లో వేస్తాం. సీసాలు పగలగొట్టేది అర్ధరాత్రి సొంత కార్లలో వచ్చి తాగిపోయేవాళ్లు. వాళ్లను వదిలేసి మా పొట్ట కొడితే ఎట్లా?

కొలిమిగుండ్ల వాసి:
తమ్ముడి మాటలో నిజముంది. మా బెలుం గుహల్లో 1988 దాకా చుట్టుపక్కల ఊళ్ల చెత్త పోసేవాళ్లు. తర్వాత శుభ్రం చేసి, దారులు, లైట్లు పెట్టి 2002లో జనానికి తెరిచారు. టూరిజం వల్లే అవి బతికాయి. కాకపోతే అక్కడ గేటుంది, టికెట్టుంది, సాయంత్రమైతే తాళం పడుతుంది. లోయ అంచుకు అవేవీ లేవు.

ఎర్రమల (తాడిపత్రి):
ఊరు కోట లోపలే ఉంది కదా, ఊరివాళ్ల బండ్లను ఎట్లా ఆపుతారు? మా నాయనకు మోకాళ్ల నొప్పులు. గుమ్మం దగ్గర దింపేస్తే ఆయన లోయ చూసేదెట్లా?

అనంతపురం ప్రయాణికుడు:
థాయ్‌లాండ్‌లో ఫిఫి లే అనే చిన్న దీవి ఉంది. అక్కడి మాయా బే తీరానికి రోజూ వేల మంది పోయి, పడవల లంగర్లకు పగడపు దిబ్బలు విరిగిపోయాయి. 2018 జూన్‌లో మూసేసి, 2022 జనవరిలో గానీ తెరవలేదు. ఇప్పుడు పడవలు తీరానికి రాకూడదు. దీవి వెనకవైపు ఆగితే జనం నడిచి రావాలి. విడతకు ఇంతమందే అని లెక్క. ఏటా రెండు నెలలు పూర్తిగా సెలవు. మూసి ఉన్నప్పుడే చిన్న సొరచేపలు తిరిగొచ్చాయి. అక్కడ పడవ ఎట్లాగో ఇక్కడ కారు అట్లాగే. బయట ఆపి, లోపలికి బ్యాటరీ బండ్లు నడపండి. ఎర్రమల గారి నాయన కూడా హాయిగా పోవచ్చు.

టెంటు తమ్ముడు:
ఆ బండ్లు గండికోట ఊరివాళ్లకే ఇస్తే నాకు సమ్మతమే. బయటి కాంట్రాక్టరుకు పోతే మాత్రం మేం మళ్లీ బెంగళూరు బస్సెక్కాల్సిందే.

పెన్నగట్టు:
తమ్ముడూ, టెంట్లు పూర్తిగా వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. నీలాంటివాళ్లు రాత్రిళ్లు అక్కడ ఉండటమే మేలేమో. ప్రతి టెంటుకూ ఒక నంబరు ఉండాలి, మంట రాతి మీద కాకుండా ఇనప తొట్టిలోనే వెయ్యాలి, ఊరివాళ్ల బండ్లు తప్ప తక్కినవి చీకటి పడ్డాక గుమ్మం దాటకూడదు. బయటివాళ్ల కార్లు పగలైనా గుమ్మం బయటే ఆగాలన్న మాట మీద మాత్రం నేను తగ్గను. ఇక అంచుకు ఎంత దూరంలో టెంట్లు వెయ్యాలన్నది ఇక్కడ కూర్చుని తేల్చలేం. వచ్చే శనివారం టేపు పట్టుకుని వస్తా, ఇద్దరం కలిసి కొలుద్దాం.